ఎర్ర కారు, తెల్ల గుడ్డ

అతన్ని అందరూ తళతళ అనే పిలుస్తారు. పెట్టిన పేరు ఒకటి ఉంది, లేకపోలేదు. కానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. పాత కార్లు కొని అమ్మే యార్డులో పాలిష్ పని అతనిది. ఎండకు మాడి, వానకు నాని, రెట్టలు పడి మచ్చలు కట్టి, సొంతదారే ఎక్కడానికి మొహమాటపడే కారును అతని చేతికి అప్పగిస్తే చాలు, గేటు ముందు పోయేవాళ్లు ఆగి దాని తలుపులో చూసుకుని క్రాఫు సర్దుకునేవారు. ఆ పేరు ఊరికే రాలేదు.

చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పెద్దది. చిక్కంతా అక్కడే వచ్చింది.

యార్డు ఎదురుగా ఒక టీ కొట్టు. సాయంత్రం పని దిగాక తళతళ అక్కడి బల్ల మీద కూర్చుని గ్లాసు పట్టుకున్నాడంటే ఇక ఉపన్యాసమే. అడిగినవాడికీ చెప్తాడు, అడగనివాడికీ చెప్తాడు. ముఖ్యంగా ఎర్ర కార్ల గురించి.

"అన్ని రంగుల్లోకీ ఎరుపుకి పౌరుషం ఎక్కువ, ఆయుష్షు తక్కువ," అని ఎత్తుకునేవాడు. "ఎండ ముందు దాన్నే తింటుంది. ఈ పాత బళ్లకి రంగు మీద అద్దంలాంటి పూత ఉండదు కదా, పైపొర చచ్చి సుద్దపొడి అయిపోతుంది. ఎర్ర కారు కాస్తా వెలిసిన గులాబీ కారవుతుంది. దానికి నూనె పట్టించారనుకో, తడిపిన ఇటుకలా మళ్లీ ఎర్రగా కనిపిస్తుంది. ఇటుక ఆరిందా, అంతే సంగతులు! పైన పటారం, లోన లొటారం. సరిగ్గా చేసే పద్ధతి ఒకటుంది, దానికి ఓపిక ఎవడికుంది!"

"మరి కనుక్కోవడం ఎలా బాబాయ్?" అని ఎవరో ఒకరు అందించాలి. అందించేవారు కూడా.

"తెల్ల గుడ్డ! జేబులో ఒక తెల్ల గుడ్డ పెట్టుకుని పోండి. డోరు హ్యాండిలు కింద ఒకసారి, పెట్రోలు మూత చుట్టూ ఒకసారి, డిక్కీ అంచున ఒకసారి. పాలిష్ వాడి చెయ్యి సరిగ్గా దూరని చోట్లు అవే. గట్టిగా రుద్దండి. గుడ్డ తెల్లగా ఉందా, కళ్లు మూసుకుని కొనండి. ఎర్రబడిందా, ఒక దండం పెట్టి వచ్చెయ్యండి."

ఈ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. కొన్నాళ్లకు యార్డుకొచ్చే ప్రతివాడి జేబులోనూ తెల్ల గుడ్డే! కారు తలుపు తీసి చూడకముందే హ్యాండిలు కింద రుద్దడం, గుడ్డ వంక చూడడం, పెదవి విరవడం. యార్డు ఓనరుకి ఒళ్లు మండిపోయింది. కూడు పెట్టే చోటే కుంపటి పెడుతున్నాడు వీడు అనుకున్నాడు. మండదా మరి!

అలాంటి రోజుల్లో ఒక ఎర్ర కారు వచ్చింది. ఇంజను బంగారం. సీట్లు శుభ్రం. రంగు మాత్రం పైకప్పు మీద, బానెట్ మీద పూర్తిగా చచ్చింది. వేలితో రాస్తే వేలికి ఎర్రపొడి అంటుకునేది.

"దీన్ని సరిగ్గా బాగు చెయ్యొచ్చు," అన్నాడు తళతళ. "నీళ్లు పోసుకుంటూ, చచ్చిన పొరని కొంచెం కొంచెంగా తీసుకుంటూ పోవాలి. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, తొందరపడితే కిందున్న బూడిదరంగు బయటపడుతుంది. టైం పడుతుంది."

"టైం ఎవడికుందయ్యా! వారాంతానికి బండి గేటు దగ్గర నిలబడాలి," అన్నాడు ఓనరు. "నూనె కొట్టి మైనం పట్టించు."

"గుడ్డతో రుద్దితే తెలిసిపోతుందిగా."

ఓనరు అతన్ని ఎగాదిగా చూశాడు. "అవున్లే. నువ్వు పెట్టిన పరీక్ష కదా. దాన్ని దాటడం నీవల్ల కూడా కాదు."

తిట్టినా బాగుండేది. పనిలోంచి తీసేస్తానని బెదిరించినా, సరే, పొట్టకూటి కోసం చేశాడులే అని మనం కూడా సర్దిచెప్పుకునేవాళ్లం. ఆ మనిషి అవేవీ అనలేదు. నీవల్ల కాదన్నాడు. తళతళకు ఆ ఒక్క మాట చాలు. పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆ మూడు చోట్లనూ థిన్నరుతో తుడిచి, చచ్చిన పొడంతా తీసేశాడు. అట్టముక్కకు చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి అద్దంలాంటి రంగులేని లక్క పూత స్ప్రే చేశాడు. ఆరాక దాని అంచు తెలియకుండా వేలికొసతో అరగదీశాడు. హ్యాండిలు కింద అరచేయంత, పెట్రోలు మూత చుట్టూ, డిక్కీ అంచు పొడుగునా. మిగతా కారంతటికీ నూనె, దాని మీద మైనం. చివర్న తన జేబులోని తెల్ల రుమాలే తీసి మూడు చోట్లా బలం కొద్దీ రుద్దాడు. రుమాలు మల్లెపువ్వులా ఉంది. షెడ్డులో ఒక్కడే నిలబడి పకపకా నవ్వుకున్నాడు. తన పరీక్షను తనే ఓడించాడు కదా, ఆ సంబరం.

అతను సెలవు పెట్టిన రోజునే కారు అమ్ముడైపోయింది. ఎవరు కొన్నారని అతను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. యార్డులో బళ్లంటే లాడ్జిలో మనుషుల్లాంటివి. ఎవరొచ్చారో, ఎవరు వెళ్లారో ఎవడికి పట్టింది!

ఇప్పుడు వాళ్లక్క సంగతి చెప్పాలి. తళతళకు తల్లీ తండ్రీ అన్నీ ఆ అక్కే. వాళ్లమ్మ పోయేనాటికి ఆమెదీ చిన్న వయసే. అయినా కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ని బడికి పంపింది. వీడేమో బడి గోడలన్నీ జారి నిక్కరు వెనకాల చిల్లులు పెట్టుకొచ్చేవాడు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని ఆమె లోపలివైపు నుంచి అతుకు వేసేది. గుడ్డ రంగు, దారం రంగు కలిపి, నేత చూసి మరీ వేసేది. అతుకుందని వేసుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడామె ఇళ్లకూ ఆఫీసులకూ కర్టెన్లు కుడుతుంది. కుట్టిన మూటలు మోసుకెళ్లి ఇచ్చి రావడం బావ పని. బావేమో మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కలేకుండా ఉన్నాడు.

"ఒక పాత కారు చూసి పెట్టరా తమ్ముడూ," అని ఎన్నోసార్లు అడిగింది. "చూద్దాంలే అక్కా," అని ఎన్నోసార్లు అన్నాడు. అశ్రద్ధ కాదు. యార్డులో ఏ బండి కడుపులో ఏముందో అతనికి తెలుసు. అవి అక్కకి అంటగట్టడానికి మనసొప్పలేదు. నిఖార్సైనది వచ్చినప్పుడు చూద్దామని ఆగాడు, పాపం.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. "ఒరేయ్, సాయంత్రం ఇటు రా. నీకొకటి చూపించాలి." గొంతులో నవ్వు ఆగడం లేదు.

సందు మలుపు తిరిగేసరికి వాళ్ల గుమ్మం ముందు ఎర్ర కారు. సాయంత్రపు ఎండలో ధగధగా మెరిసిపోతోంది. నంబరు చూడక్కర్లేకుండానే తళతళ కాళ్లు ఆగిపోయాయి. తను రుద్దిన బానెట్ తనకు తెలియదూ!

"ఎలా ఉంది?" అంది అక్క. "నువ్వు చూద్దాం చూద్దాం అంటూనే ఉన్నావ్. సర్లే, తమ్ముడి విద్య నాకూ వచ్చుగా అని నేనే వెళ్లాను. నీ అక్కనని అక్కడెవరికీ చెప్పలేదు. నీ మొహం చూసి ఏదో అంటగట్టేస్తారని."

"మీ అక్క ఆ రోజు చూడాలి," అన్నాడు బావ అరుగు మీంచి. "పోలీసు సోదా చేసినట్టు చేసింది."

"లైనింగు గుడ్డ తెల్ల ముక్క పట్టుకెళ్లాను. హ్యాండిలు కింద రుద్దాను. పెట్రోలు మూత చుట్టూ రుద్దాను. డిక్కీ అంచున రుద్దాను. ఇదిగో చూడు, దాచాను కూడా." కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చి చూపించింది. "ఒక్క మరకైనా ఉందేమో చూడు!"

మరక లేదు. ఎలా ఉంటుంది? తళతళకు తల కొట్టేసినట్టయింది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. వాళ్లిద్దరి ముఖాలూ చూశాడు. బావ అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్లు చాపుకోవడానికి చోటుందని మురిసిపోతున్నాడు.

"బాగుందక్కా," అన్నాడు.

ఆ రెండు ముక్కలే అతన్ని పీక్కుతిన్నాయి. ఆ రాత్రి నుంచీ కుడితిలో పడ్డ ఎలుకలా గింజుకున్నాడు. టీ కొట్టుకి పోవడం మానేశాడు. పోతే ఎవడో ఒకడు ఎర్ర కారు మాట ఎత్తుతాడు, తను భుజాలు తడుముకోవాలి. పొద్దున లేవగానే ఆకాశం వంక చూసేవాడు. మబ్బు కనిపిస్తే గుండెలో రాయి పడేది. నూనె, మైనం ఎన్నాళ్లాగుతాయో అతనికంటే బాగా ఎవరికి తెలుసు! పోనీ గుట్టుచప్పుడు కాకుండా బాగు చేసి ఇచ్చేద్దామని ఒకసారి, "అక్కా, కారు ఒక వారం నా దగ్గర వదులు, ఇంకొంచెం మెరుగు పెడతాను," అన్నాడు.

"ఇంకా ఏం మెరుగురా? దిష్టి తగిలేలా ఉంది ఇప్పటికే. నీకు అసలే ఒళ్లు హూనమయ్యే పని. నా కారు దగ్గర కూడా ఎందుకు కష్టపడతావ్?" అని కొట్టిపారేసింది. ఆమె ప్రేమ చెప్పుదెబ్బలా తగిలింది అతనికి.

వానలు వచ్చాయి. రాకుండా ఎందుకుంటాయి? వారం పాటు విడవకుండా కురిశాయి. తర్వాత ఎండ కాసింది.

అక్క ఫోన్. ఈసారి గొంతులో నవ్వు లేదు. "కాస్త తీరిక చూసుకుని రాగలవా?"

వెళ్లేసరికి వాకిట్లో తీగ మీద తెల్ల కర్టెన్లు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీదా అడ్డంగా ఎర్రటి చార. ఎంత ఉతికినా అది పోలేదు, పలచబడి ఇంకా వెడల్పయింది. పళ్ల డాక్టరు ఆసుపత్రికి కుట్టినవట. చినుకుల్లో బావ మూట గుండెలకి హత్తుకుని డిక్కీ తియ్యబోతే, మూటలోంచి బయటికున్న మడతల అంచులన్నీ కారు పక్కకి ఒరుసుకున్నాయట. ఆసుపత్రిలో విప్పి చూసేదాకా ఎవరూ గమనించలేదు.

"పళ్లు పీకే చోట ఎర్ర మరకల కర్టెన్లు కడితే కూర్చున్న పేషెంట్లు కూడా గోడ దూకి పారిపోతారన్నాడు డాక్టరు," అన్నాడు బావ లోపల్నుంచి. నవ్వించాలనే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

కారు గుమ్మం ముందే ఉంది. పైకప్పు గులాబీ రంగుకి తిరిగింది. బానెట్ మీద నీళ్లు జారిన దారులన్నీ తెల్లగా కనిపిస్తున్నాయి. తళతళ దానివంక చూడలేక నేలవంక చూశాడు.

అక్క అతన్ని కారు దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "నా తప్పేరా. నువ్వు గట్టిగా రుద్దమన్నావ్. అక్కడ ఆ ఓనరు చూస్తుంటే నాకు సిగ్గేసి మెల్లిగా రుద్దానేమో. లేకపోతే నీ పరీక్ష తప్పడమేంటి?"

తళతళ కాలివేలితో నేల గీరాడు.

"బయట ఎవరికీ చెప్పొద్దని మీ బావకి కూడా చెప్పాను. నీ అక్కే మోసపోయిందని తెలిస్తే టీ కొట్టు దగ్గర నీ మాటకి విలువుంటుందా? నలుగురిలో నీకు తలవంపులు."

భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది అతనికి. కారు పాడై, కర్టెన్లు పాడై, పెద్ద బేరం పోయి, ఈవిడ దిగులు పడుతున్నది తమ్ముడి పరువు గురించి! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ పట్టుకోవాలని చూడడమే లేదు, పైగా తలుపు దగ్గర కాపలా కాస్తోంది.

"సరిగ్గా ఎలా రుద్దాలో ఒకసారి చూపించు," అంది. చేతిలో పాత లైనింగు ముక్క పెట్టింది, ఆ రోజు యార్డుకి పట్టుకెళ్లిన ముక్కే. "నేనెక్కడ తప్పు చేశానో తెలియాలి. లేకపోతే నాకు మనసులో పీకుతూనే ఉంటుంది."

తళతళ గుడ్డ మడిచి హ్యాండిలు కింద పెట్టి రుద్దాడు. బలంగానే రుద్దాడు. తీసి చూపించాడు. తెల్లగా ఉంది.

"ఇదేంటి?" అంది అక్క. "నేనూ ఇలాగే చేశాను కదా. ఇలాగే వచ్చింది కదా!"

ఇక్కడ ఆగిపోవచ్చు. ఆ చోట ఎండ తగల్లేదక్కా, అందుకే అక్కడ రంగు బతికుంది అంటే నమ్మేస్తుంది. ఆ అబద్ధం నాలుక చివరే ఉంది, ఎక్కడికీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. అప్పుడు ఆమె వేళ్లు కనిపించాయి. పొద్దుటి నుంచీ కర్టెన్లు ఉతికి ఉతికి వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ ఎర్రగా పట్టేసింది. అది తన కారు ఎరుపు. ఏ వెలుతురులో చూసినా గుర్తుపడతాడు.

అతని చెయ్యి జానెడు పక్కకి జరిగింది. ఒకే ఒక్కసారి రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది.

అక్క గుడ్డ వంక చూసింది. హ్యాండిలు కింద చూసింది. తర్వాత వంగి, కుట్టు మడత వెతికేటప్పటిలాగా వేలికొసతో ఆ చుట్టూ మెల్లిగా తడిమింది. కంటికి కనిపించనిది ఆమె వేలికి తెలిసింది. లక్క ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, ఆ గీత వెంబడే వేలు తిప్పింది. పెట్రోలు మూత దగ్గరికి వెళ్లి అక్కడా తడిమింది. డిక్కీ దాకా వెళ్లనే లేదు.

"అతుకు," అంది.

తళతళ నిలబడిన చోటే ఉన్నాడు. కళ్లు ఎత్తలేదు.

"నువ్వు చెప్పే మూడు చోట్లే." ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది, అదే భరించరానిదిగా ఉంది. "అంచు తెలియకుండా అరగదీయడం ఎవరికి చేతనవుతుంది ఇంత బాగా? అతుకు బాగా వేశావురా. నాకే తెలియలేదు."

కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

అప్పుడే బావ గుమ్మం పట్టుకుని నెమ్మదిగా మెట్టు దిగాడు. "ఏమోయ్ బావమరిదీ, ఏం తేలింది?"

తళతళ నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "తేలేదేముంది. నేనే సరిగ్గా రుద్దలేదట."

ఎంత తేలిగ్గా అందో! చిన్నప్పుడు నిక్కరు చిల్లు మీద వేసినట్టే వేసింది, లోపలివైపు నుంచి, ఎవరికీ కనబడకుండా. వేసుకున్నవాడికి తప్ప.

"చెప్పానా," అన్నాడు బావ. "ఈ పన్లు పనివాళ్లకే వదిలెయ్యాలి. మీ తమ్ముణ్ని వెంటపెట్టుకుని వెళ్లుంటే..."

"అక్క సరిగ్గానే రుద్దింది బావా," అన్నాడు తళతళ. "నేను చెప్పిన చోటే, చెప్పినట్టే రుద్దింది. అందుకే మోసపోయింది. ఆ చోట్లు కప్పెట్టింది నేనే."

"ఊరుకోరా," అంది అక్క.

"నేనే బావా. నా చేతుల్తో నేనే. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. చెయ్యగలనా లేదా చూద్దామని చేశాను."

బావ మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. తీగ మీది కర్టెన్ల వంక చూశాడు, కారు వంక చూశాడు.

"మేం కొంటామని నీకు తెలుసా?"

"తెలీదు బావా. ఒట్టు. తెలిస్తే చేసేవాణ్నా!"

బావ తలూపాడు. "అంటే వేరేవాళ్లయితే ఫర్వాలేదన్నమాట."

కోపంగా అనలేదు. అర్థం చేసుకోవడానికి అడిగినట్టే అన్నాడు. తళతళకు ఆ ఎర్ర కారు కంటే ముందు నూనె పట్టించిన బళ్లన్నీ, వాటిలో ఎక్కి నవ్వుకుంటూ గేటు దాటిన మొహాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాళ్లకీ ఎవరో తమ్ముళ్లు ఉండే ఉంటారు.

అక్క ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇక పిలవదేమో, వెళ్లిపొమ్మనే కాబోలు అనుకుని అతను చెప్పుల కోసం చూసుకున్నాడు. అంతలో ఆమె కత్తెర పట్టుకుని బయటికొచ్చింది. తీగ మీంచి ఒక కర్టెన్ లాగి, తను రాత్రింబగళ్లు కూర్చుని కుట్టిన కుట్టు మీదుగానే కర్రుకర్రుమని కత్తిరించింది. ఒక్కోటీ చేతిలో ఇమిడేంత ముక్కలు చేసింది. ఆ దొంతర తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఇవి ఇంక దేనికీ పనికిరావు," అంది. "దీనికి వాడు. సరిగ్గా చేసే పద్ధతి ఒకటుందన్నావుగా, ఎప్పుడూ చెప్తుంటావ్. అది చెయ్యి."

మొహంలోకి చూసి మాత్రం అనలేదు.

తళతళ బకెట్లో నీళ్లు పట్టుకొచ్చి, మోచేతుల దాకా చొక్కా మడిచి, బానెట్ దగ్గర నిలబడ్డాడు. సందులో పోయేవాళ్లు ఆగి, ఏంటి బాబాయ్, అక్కగారి కారా, కొత్త దానిలా చేసేస్తావా అని పలకరించారు. అతను తలెత్తలేదు. మొదటి ముక్క తడిపి, చచ్చిన పొర మీద పెట్టి, మెల్లిగా రుద్దడం మొదలుపెట్టాడు. పిండిన ప్రతిసారీ ఎర్రటి నీళ్లు గుమ్మం ముందు నుంచి కాలవలోకి పారాయి.